దుకాణం వయసు

పోయిన దసరాకు కొత్త బోర్డు కింద గుమ్మడికాయ కొట్టింది కోదండమే.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ చీరల దుకాణంలో అందరికంటే పాతవాడు కాబట్టి ఆ మర్యాద ఆయనకే దక్కింది.

బోర్డు మీద సీతారాములు పేరు పోయి కొడుకు కార్తీక్ పేరు వచ్చింది. కింద ‘ముప్పై ఏళ్ల నమ్మకం’ అన్న మాట మాత్రం అలాగే ఉంది.

సీతారాములు పెట్టిన పద్ధతి ఒకటుంది. మొదటి ఏడాది నిండితే జీతంతో ఒక రోజు సెలవు, రెండో ఏడాదికి రెండు రోజులు. అలా ఏటా ఒకటి పెరుగుతుంది.

ఆ సెలవును నమ్ముకునే కోదండం భార్య రాధమ్మ గర్భసంచి ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు బిందె ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. మన్సూరాబాద్‌లో వాళ్లది రెండో అంతస్తు కిరాయి ఇల్లు, నీళ్లు కింది నుంచే మోసుకోవాలి. ఉన్నది ఇద్దరే. జీతం కోత పడితే కిరాయికే ఎసరు.

‘ఒక్క ఏడు ఆగుదాం’ అంటూ ఏటికేడు నొప్పిని పళ్లబిగువున ఓర్చుకుంది.

ఈ వేసవికి కోదండం దుకాణంలో చేరి ఇరవై ఒక్క ఏళ్లు, అంటే మూడు వారాల సెలవూ నిండింది. ఎల్బీనగర్ దవాఖానలో సోమవారం రమ్మన్నారు.

కోదండం సెలవడిగాడు. కార్తీక్ నొచ్చుకున్నట్టే ముఖం పెట్టాడు. చిన్నప్పుడు అతన్ని చీరల మూటల మీద జోకొట్టి నిద్రపుచ్చింది కోదండమే.

“కాకా, నాయిన దుకాణం బంద్ అయింది. ఇది నా దుకాణం. దీంట్ల నువ్వు చేరింది దసరాకే గద. ఏడాది నిండకుండ జీతంతోని సెలవెట్లిస్త? నిండినంక ఒక్క రోజిస్త.”

ఆ రోజు గుమ్మడికాయతో పాటు తన ఏళ్లన్నీ తన చేత్తోనే పగలగొట్టుకున్నాడన్నమాట. కోదండానికి ఒళ్లు మండింది. మండి ఏం చేస్తాడు, వచ్చి చీరలు చూపించే పరుపు మీద కూర్చున్నాడు.

అప్పుడే సూర్యప్రభ అనే ఆవిడ వచ్చింది, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు. కొడుకు పెళ్లి చీరలూ ఇక్కడే కొన్నామని చెప్పింది.

కార్తీక్ లేచి వచ్చి కోదండం భుజం మీద చెయ్యేశాడు.

“అప్పుడు చూపించింది గూడ ఈయనే అమ్మా. ఇరవై ఏండ్లు దాటింది మా దగ్గర చేరి. మీరు కండ్లు మూసుకొని కొనుక్కోండి.”

కోదండం చీర మడత విప్పాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి రాధమ్మ బిందెతో మెట్లెక్కుతోంది. ఆయన గబగబా అందుకున్నాడు.

సెలవు దొరికిందా అని అడిగింది.

“ఏడాది నిండాలంట.”

“ఒక్క ఏడే గద,” అంది రాధమ్మ, పొత్తికడుపు పట్టుకుని మెట్టు మీద కూర్చుంటూ. “ఆగుత తియ్.”