ఎరుపును ఎరుపుగా చూపే కంప్యూటర్

రంజిత్ తన కంప్యూటర్ షాపులో ఇద్దరికీ కుర్చీలు వేశాడు. గిడియోన్ కూర్చున్నాడు. ఇషిత నిలబడే ఉంది.

మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర పదకొండేళ్లుగా ఫ్లెక్సీల షాపు నడుపుతున్న గిడియోన్‌కు కంప్యూటర్ లోపలి సామాను గురించి తెలిసింది తక్కువ. ఆ సంగతి దాచుకునే అలవాటూ లేదు. ఆరేళ్లుగా అతని దగ్గర డిజైన్లు చేస్తున్న ఇషితకే అన్నీ తెలుసు. కావలసినవన్నీ కాగితం మీద రాసుకొచ్చింది.

పగలు డిజైన్ పని, పనయ్యాక గేములు, రెండూ నడవాలని రంజిత్‌తో చెప్పింది. ర్యామ్ పదహారు జీబీ చాలంది.

"ముప్పై రెండు పెట్టు," అన్నాడు గిడియోన్.

"అంత అక్కర్లేదు సార్."

"నీకు తెల్వదు బిడ్డా. అంటే, తెలిసింది నీకే, తెల్వంది నాకే. అందుకే చెప్తున్న, నేను చేసిన తప్పు చెయ్యకు."

తన మొదటి కంప్యూటర్ కథ రంజిత్‌కు చెప్పుకొచ్చాడు. హైదరాబాద్ దాకా వెళ్లి, డబ్బాకు ముందు నీలం లైటు బాగా వెలుగుతోందని కొన్నాడు. లోపల ఏముందో అడగలేదు. పెద్ద ఫైలు మీద నొక్కి, హోటల్‌కు వెళ్లి చాయ్ తాగి వచ్చినా సగమే తెరుచుకునేది. గిడియోన్‌కు ఓపిక ఎక్కువని బజారంతా అనుకునేవారు. ఓపిక కాదు, కంప్యూటరే కదిలేది కాదు.

మానిటర్ల దగ్గర ఇషిత మళ్లీ చవకది చూపించింది. గిడియోన్ ఒప్పుకోకుండా ఇంకో కథ ఎత్తుకున్నాడు. కుల్చారంలో ఒక పెళ్లి ఫ్లెక్సీ మీద పెళ్లికూతురి ఎర్రచీర ఇటుక రంగులో అచ్చయింది. అతని మానిటర్ మీద మాత్రం ఎర్రగానే కనిపించింది. పెళ్లికూతురి తండ్రి ముందు ఎండలో నిలబడి, అది ఎరుపేనని అరగంట వాదించాడు.

"ఆఖరికి నాకు నమ్మకం కుదిరింది. ఆయనకే కుదరలే."

రంజిత్ పగలబడి నవ్వాడు. ఇషిత నవ్వలేదు. చేతిలోని కాగితం అంచును మడుస్తూ ఉండిపోయింది.

ఇక మిగిలింది గ్రాఫిక్స్ కార్డు. ఆమె రాసుకున్నది పాత మోడల్. కొత్తదైతే బొమ్మలకూ గేములకూ నాలుగేళ్లు ఢోకా ఉండదని రంజిత్ అన్నాడు. గేములంటే గిడియోన్‌కున్నది ఒకే అనుభవం. కొడుకు జోయెల్‌తో కారు పందెం ఆడి, మొదటి నుంచి చివరి దాకా కారును వెనక్కే నడిపాడు. అయినా రెండు కార్డులనూ చెరో చేతిలో పట్టుకుని, తెలిసినవాడిలా తిప్పి చూసి, కొత్తదే పెట్టమన్నాడు.

"ఊకోండ్రి సార్," అంది ఇషిత. "ఇంత మంచిది పెడితే మీకు..."

"నాకేం గాదు. గిరాకీని రెండుసార్లు తిప్పించుకుంటే మూడోసారి రాడు. మస్తుమందిని తిప్పినోన్ని, చెప్తున్న గద."

రంజిత్ అన్నీ బిగించి స్విచ్ నొక్కాడు. ఇషిత పెన్‌డ్రైవ్ పెట్టి పెద్ద ఫైలు ఒకటి తెరిచింది. చాయ్ మాట తలచుకునే లోపే తెర నిండా వచ్చేసింది. గిడియోన్ కళ్లజోడు సవరించుకుని, వంగి, అందులోని ఎరుపును చాలాసేపు చూశాడు.

"ఇదీ ఎరుపంటే. ఆ కుల్చారం ఆయనది తప్పు లేదు."

ఇషిత కళ్లు తుడుచుకుంది. ఆరేళ్లు కలిసి పనిచేసినవాళ్లకు కొత్త మిషన్ వస్తే ఆ మాత్రం సంతోషం ఉండదా అనుకున్నాడు రంజిత్. వారంటీ కార్డు తీసి, గిడియోన్ ఫ్లెక్సీస్ అని రాయబోయాడు.

గిడియోన్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇషిత డిజైన్స్ అని రాయి తమ్మీ, సోమవారం మా షాపుకు ఎదురుంగనే తన షాపు తెరుస్తుంది."