దొరికిన కొమ్ములు

చచ్చిన దుప్పి కొమ్ములను ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదన్నది ఆ అడవి కట్టుబాటు. నక్క ఒక జత తెచ్చి తన బొరియ ముందు నిలబెట్టుకుంది. ఏనుగు పంచాయితీ పెట్టింది.

"నేను చంపలేదు పెద్దయ్యా. చచ్చి పడుంటే తెచ్చుకున్నాను," అంది నక్క.

"రేపు చంపినవాడూ ఇదే మాట అంటాడు," అంది ఏనుగు.

దుప్పుల పెద్దకు నక్క మీద జాలేసింది. "పోనీలెండి. చచ్చినవాడికి కొమ్ములతో పనేముంది?" అంది.

దుప్పుల పెద్దే అలా అనడంతో ఏనుగు తగ్గింది. చంపితే శిక్ష, చచ్చి దొరికితే తీసుకోవచ్చు అని తీర్పు చెప్పింది.

వానాకాలం వచ్చింది. నీళ్లకు వెళ్లిన దుప్పుల పెద్ద వాగు ఊబిలో కడుపుదాకా దిగబడిపోయింది. గట్టు మీద నక్క, అడవిపంది, ఎలుగుబంటి కనిపించాయి.

"ఆ తీగ ఇటు వెయ్యండర్రా!" అని అరిచింది.

ఎవరూ కదల్లేదు. బురద మెడను తాకింది.

"చూస్తూ నిలబడ్డారేమర్రా? నన్ను చంపేస్తారా?"

"ఎంత మాట బాబాయ్!" అంది నక్క, కొమ్ముల మీంచి చూపు తిప్పకుండా. "చంపితే శిక్ష కదా. నీ ఒంటిమీద గోరు కూడా పెట్టం. నువ్వు దొరికేదాకా ఇక్కడే కూర్చుంటాం."