హెబ్రోను మోకాలు

"చాల్లేవే, మోకాలు అరిగిపోద్ది!" అన్నాడు హెబ్రోను.

ఎవాంజెలిన్ వినిపించుకోలేదు. వేడి చేసిన కొబ్బరినూనె ఆపరేషన్ గాటు మీద మెల్లగా రాస్తూనే ఉంది. పెళ్ళయిన రెండేళ్ళలో లేని ముద్దు పోయిన నెల నుంచే మొదలైంది. సంతోషపడాల్సిన విషయమే. కానీ ఆమె కళ్ళు మోకాలు దాటి మొగుడి మొహం దాకా రావే!

అన్నిటికీ ఆ ఫ్రెడ్డీయే కారణం. ఎవాంజెలిన్ మొదటి మొగుడు. వాలీబాల్ నెట్ దగ్గర శ్రీహరికోట రాకెట్టు మాదిరి లేచేవాడంట. నాలుగేళ్ళ కింద నాయుడుపేట దగ్గర లారీ గుద్ది, నెల్లూరు ఆస్పత్రిలో పోయినాడు. పోయినా వదిలితేనా! ఏటా ఫిబ్రవరి పదకొండున జ్ఞాపకార్థ కూడిక. "పోతా పోతా కూడా నలుగురికి పనికొచ్చిన బిడ్డ" అని పాస్టరుగారు అనడం, ఈమె కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం. బతికున్నోడితో అయితే పోటీ పడొచ్చు, చచ్చినోడితో ఎట్టా పడేది?

ఆ ఉక్రోషంతోనే హెబ్రోను కూడా నెట్ దగ్గర ఎగిరినాడు. దిగేటప్పుడు మోకాలు మెలిపడి, లోపల లిగమెంట్ పుటుక్కున తెగింది. ఎవరో పుణ్యాత్ముడు చనిపోయాక దానం చేసిన నరం ఫ్రీజర్లో ఉంటే, డాక్టరు దాన్ని వేసి బాగుచేసినాడు.

"పరాయిది కదా సార్, ఒంటికి పడతదా?"

"నీ రక్తం పారేకొద్దీ నీదే అయిపోతుందయ్యా."

అయింది కూడా. పది నెలలకు నిన్ననే మళ్ళీ ఆటలోకి దిగినాడు. "అన్నా, అచ్చం ఫ్రెడ్డీ అన్న మాదిరే లేచినావు!" అన్నారు టీము వాళ్ళు. హెబ్రోనుకు ఒళ్ళు మండిపోయింది.

నూనె గిన్నె పక్కన పెట్టి, ఎవాంజెలిన్ ఏదో కాగితాన్ని గబుక్కున బైబిల్లో దోపింది.

"ఏందది?"

"ఏం లేదులెండి."

"వాడి ఉత్తరమేనా?"

హెబ్రోను ఆగలేదు, బైబిలు లాక్కుని కాగితం బయటికి తీసినాడు. చూస్తే తన ఆస్పత్రి కాగితమే! పోయిన నెల చెకప్పులో ఇచ్చింది. సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి.

"నా మోకాలి కాగితాన్ని బైబిల్లో దాచుకున్నావా, పిచ్చిదానా! నేనింకా ఆ ఫ్రెడ్డీదనుకున్నా."

ఎవాంజెలిన్ తల ఎత్తలేదు. కాగితం అడుగున, నరం వచ్చిన ప్యాకెట్టు చీటీ అంటించి ఉంది. అందులో ఒక వరస కింద పెన్నుతో గీత.

'దాత మరణించిన తేదీ: ఫిబ్రవరి 11.'