మిద్దె మీది గరాటు

"ఆ టవర్ తీసేయించు మేరమ్మా! లేదంటే మేమే పైకొచ్చి పీకేస్తాం."

మదనపల్లెలో ఆ వీధి వీధంతా మేరమ్మ గేటు ముందు నిలబడింది.

పై వాటాలో అద్దెకుండే ఫెబా పరుగున దిగింది. పుంగనూరు పిల్ల. అంగళ్లు అనే ఊరి దగ్గర కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది.

"అది టవర్ కాదప్పా. రేకుతో నేను చేసుకున్న గరాటు. ఆకాశంలోని హైడ్రోజన్ వాయువు పంపే రేడియో సిగ్నల్‌ని పట్టుకుంటాది, అంతే. దాంట్లోంచి ఏమీ బయటికి రాదు."

"అందరూ అట్లనే చెప్తారు. ఈడ పిల్లోళ్లు ఉండారు, జబ్బుపడినోళ్లు ఉండారు."

వారం రోజులుగా వీధిలో ఎవరికి తలనొప్పి వచ్చినా, ఎవరింట్లో పాలు విరిగినా ఆ గరాటే కారణం. మున్సిపాలిటీకి అర్జీ కూడా రాసి పెట్టుకున్నారు.

"కొన్నాళ్లు ఓపిక పట్టండప్పా," అని మేరమ్మ అందరినీ పంపేసింది.

ఆ కొన్నాళ్లు సరిపోతాయో లేదోనని ఫెబా దిగులు. పాలపుంతలో హైడ్రోజన్ ఎక్కడెక్కడ ఉందో, ఎంతెంత దూరంలో ఉందో పటం గీస్తోంది. అది చూపిస్తేనే కుప్పంలో రీసెర్చ్ సీటు. ఇంకా ఇరవై రోజుల పని ఉంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఒక పెద్దాయన మిద్దె మీదికొచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో పేపరు. ఎవరని అడిగితే, "ఈ వీధేలేమ్మా," అన్నాడు. నేరుగా పోయి గరాటుకు ఆనుకుని కూర్చున్నాడు.

అర్జీవాళ్లు పంపిన మనిషేనని ఫెబాకు అనుమానం.

"ఆడ కూసోవద్దు పెద్దాయనా. మీ ఒంటి వేడి గూడా దానికి తెలుస్తాది. నా లెక్క చెడిపోతాది."

"అట్లనా!" అని ఆయన నాలుగడుగులు జరిగి, వీధి వైపు పిట్టగోడ మీద కూర్చున్నాడు. పదింటి దాకా కదల్లేదు.

రోజూ అదే వరస.

"దూరం ఎట్ల తెలుస్తాదమ్మా? ఆడికి పోయి టేపు పెట్టలేం గదా?" అని ఒకరోజు అడిగాడు.

"వాయువు ఎంత వేగంగా పోతాందో సూసి లెక్కేస్తాం. కానీ చాలాచోట్ల ఒకే వేగానికి రెండు దూరాలొస్తాయి. ఒకటి దగ్గరిది, ఒకటి దూరంది."

"మరి ఏది నిజమో?"

"ఇంకోరకంగా గూడా సూసి తేల్చుకోవాల. లేకుంటే మోసపోతాం."

ఆయన తల ఊపి, వీధిలోకి తిరిగాడు. కూరగాయల బండివాణ్ణీ, నీళ్లు పట్టుకునే ఆడవాళ్లనీ పేరుపేరునా పిలిచి పలకరించాడు. అందరూ తలలెత్తి చూశారు.

రోజూ ఇట్లా జనాన్ని పిలిచి గరాటును చూపిస్తున్నాడని ఫెబాకు ఒళ్లు మండేది. పన్నెండో రోజు ఇక ఆగలేకపోయింది.

"వీధిని ఎగదోసి దీన్ని పీకించాలనే గదా మీరొచ్చేది? ఇంకోసారి మెట్లెక్కొద్దు!"

పెద్దాయన ముఖం చిన్నబోయింది. పేపరు మడుచుకున్నాడు.

"నీ పని కానీమ్మా," అని దిగిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత టవర్ మాట ఎవరూ ఎత్తలేదు. తను చెప్పింది ఇన్నాళ్లకు బుర్రకెక్కిందని ఫెబా మురిసిపోయింది. పటం పూర్తయింది. కుప్పంలో సీటొచ్చింది.

స్వీట్లు పట్టుకుని, మేరమ్మను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లింది. చివరి ఇంటికి తాళం, పైన టులెట్ బోర్డు.

"ఈడ ఎవరుండేది మేరమ్మా?"

"జీవానందమన్న. మన మిద్దె మీద రోజూ కూసునేవాడు గదా, ఆయనే. పోయిన వారం ఖాళీ చేసినాడు. యాడికి పోయినాడో ఎవరికీ తెలీదు. ఆయనట్ల కూసుంటే సూసినాకనే గదా, వీధోళ్లు అర్జీ చించేసింది."

తను ఆయన్నన్న మాటలు గుర్తొచ్చి ఫెబా సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆయన కూసుంటే వీళ్లకేం ధైర్యం?"

"నీకు తెలుసనుకుంటి పాపా. ఆ అర్జీ రాసిందే టవర్‌తో ఆయనకేమన్నా అవుతాదని. గుండెలో పేస్‌మేకర్ పెట్టించుకున్న మనిషి ఈ వీధికంతా ఆయనొక్కడే."