పది మాటల పరీక్ష

ఈ రోజు ఇంట్లో ఉన్నది నేను, నాయనమ్మ, మనసు వైద్యం నేర్చుకుంటున్న సుధీంద్ర డాక్టరుగారు, ఆయనకి మార్కులు వేసే గోడమీది పెట్టె. రోగులంతా యంత్రాల దగ్గరికే పోతున్నారని ఇలాంటి డాక్టర్లని ఇళ్ళకి పంపుతున్నారు. నోరు విప్పని నాచేత పది మాటలు పలికిస్తే ఆయన పాస్. కలలు అడిగారు, ఊపిరి లెక్కపెట్టమన్నారు, ఖాళీ కుర్చీతో మాట్లాడమన్నారు. నేను తల ఎత్తలేదు.

"డాక్టరు మాటలు తొమ్మిది వందలు, అమ్మాయి మాటలు సున్నా. ఇంకా అయిదు నిమిషాలే," అంది పెట్టె.

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "నాలుగోసారి ఫెయిలవుతున్నానండీ, మామ్మగారూ!"

"అయ్యో నాయనా, వంటింట్లోకి రా. మజ్జిగ తాగి అంతా చెప్పుకో."

నాకు జాలేసింది. వెనకే పరిగెత్తి, "డాక్టరుగారూ, నేను మాట్లాడతానండీ," అన్నాను.

"మూడు," అంది పెట్టె.

"ఆగవే! ముందు అబ్బాయిని చెప్పుకోనీ," అంటూ నాయనమ్మ నా మొహం మీదే తలుపేసింది.