నల్లగుడ్డ కింద

"ఆ కెమెరా మీద చెయ్యి తియ్యి. ఆడపిల్లల ఆటవస్తువు కాదది," అన్నాడు తాతయ్య.

మనవరాలు చెయ్యి తియ్యలేదు. మూడుకాళ్ల స్టాండు మీద, వెనక నల్లగుడ్డ వేలాడుతున్న పెట్టెకెమెరాకు దుమ్ము తుడుస్తూనే ఉంది.

"నేను ఫొటోలు తీసే బతుకుతున్నాను తాతయ్యా. స్టూడియో తాళం నాకివ్వు. తమ్ముడికిస్తే ఇందులో ఫోన్ కవర్లు అమ్ముతాడు."

"అమ్మనీ. వాడు మగాడు. ఫొటో తియ్యాలంటే చూపుండాలే! మీ నాయనమ్మ జీవితమంతా నా పక్కనే ఉంది. ఏం నేర్చుకుంది? ఈ నల్లగుడ్డలో దూరి అద్దం తుడిచేది."

"అద్దం తుడవడానికి గుడ్డలో దూరాలా?"

"అడ్డమైన ప్రశ్నలెయ్యకు."

గోడల నిండా ఆయన సంతకం చేసిన ఫొటోలు. ఊళ్లోని పెద్దమనుషులంతా ఉయ్యాల నుంచి బట్టతల దాకా అక్కడే వేలాడుతున్నారు. నాయనమ్మది ఒక్కటీ లేదు. ఆవిడ పోయిన రోజు నుంచి ఆయన కెమెరా ముట్టలేదు. జనం దాన్ని ప్రేమ అన్నారు. ఆయన కాదనలేదు.

ఆయన నిద్రపోయే మధ్యాహ్నాల్లో మనవరాలు ఆ కెమెరా కిటుకు తెలుసుకుంది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి మొదటిసారి గుడ్డలో దూరినప్పుడు కళ్లు తిరిగాయి. వెనక గాజుపలక మీద వాడి కాళ్లు పైన, తల కింద. ఆ రకం కెమెరాలన్నింట్లోనూ అంతే. వాడి మొహం అలాగే కాస్త నయమనిపించింది.

ఇంతలో ఫొటోగ్రాఫర్ల సంఘం దిగింది. ముందు అధ్యక్షుడి పొట్ట, వెనక అధ్యక్షుడు. జ్ఞాపిక ఇచ్చారు. ఉపన్యాసం దంచారు.

"మీ సంఘంలో ఆడవాళ్లు లేరాండీ?" అడిగింది మనవరాలు.

"ఎందుకు లేరమ్మా! టీలు వాళ్లే చూసుకుంటారు," అన్నాడు అధ్యక్షుడు. తర్వాత తాతయ్య వైపు తిరిగాడు. "మాస్టారూ, ఆ కెమెరాతో మాకో గ్రూపు ఫొటో తియ్యాలి. కాదనకూడదు."

"వెలుతురు చాలదు," అన్నాడు తాతయ్య.

"కిటికీలు తెరిచాను," అంది మనవరాలు.

"ఫిల్ము దొరకదు."

"తెప్పించాను."

"నా మోకాళ్లు..."

"పోనీ, నేను తియ్యనా?"

ఆ మాటకు ఆయన ఒళ్లు మండింది. "నువ్వా! పక్కన నిలబడి చూడు. ఇది చూశాక కూడా అడగడానికి మొహం చెల్లితే, తాళం నీ చేతిలోనే పెడతాను!"

ఆయన కెమెరా పక్కన నిలబడి చెయ్యెత్తి ఓ జోకు వేశాడు. అందులో మాత్రం తిరుగులేదు. సంఘమంతా పగలబడి నవ్వింది. అలవాటుగా కెమెరా వైపు చూశాడు. ఆ వెనక ఎవరూ లేరు. తనే గుడ్డలో దూరాడు.

ఎంతకూ బయటికి రాలేదు. నవ్వులు ఆరిపోయాయి. పొట్ట బిగబట్టిన అధ్యక్షుడు ఇక లాభం లేదని వదిలేశాడు.

చివరికి గుడ్డ అంచు లేచింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. మనవరాలిని దగ్గరకు పిలిచి చెవిలో అన్నాడు:

"కెమెరా పాడైందే, అందరూ తలకిందులుగా ఉన్నారు."