బొమ్మలో జనం

గుడివాడ బస్టాండు ముందు, బళ్లు రాకుండా కొత్తగా వేసిన నడక వీధిలో మేనత్త అనసూయ సుధన్వ చెయ్యి పట్టుకుని ఆగింది. ఆ వీధికి ప్లాను గీసింది అతనే.

"హాయిగా ఉందిరా! హారన్ల గోలే లేదు. మావాడే గీశాడని అందరికీ చెబుతున్నాను."

"బస్సు వచ్చేదాకా కాసేపు కూర్చుందాం అత్తయ్యా."

"ఎక్కడరా? కొట్ల ముందు అరుగులుండేవి. ఎవరో కొట్టించేశారట."

నడకకు అడ్డమని కొట్టించింది సుధన్వే. చిన్నప్పుడు ఆ అరుగుల మీదే ఆవిడ ఒళ్లో నిద్రపోయేవాడు.

అనసూయ ఓ కొట్టు షట్టరుకు ఆనుకుని మోకాలు రుద్దుకుంది. "నువ్వు ఫోన్లో చూపించిన ఈ వీధి బొమ్మలో బోలెడు మంది ఉన్నారుగా, వాళ్లెక్కడ కూర్చున్నారురా?"

"అందరూ నడుస్తూనే ఉన్నారత్తయ్యా," అన్నాడు తల దించుకుని.

"అదృష్టవంతులు," అందావిడ.